చారానాకి లెక్క కుదిరింది, అణాకి కుదరలేదు

మా పెద్దపల్లిలో "చారానా కోడికి బారానా మసాలా" అనని ఇల్లుండదు. మొన్న ఆఫీసులో నేనదే అంటే, ఓ కుర్రాడు "చారానా అంటే ఎంతన్నా?" అన్నాడు. రూపాయికి పదహారణాలు. చారానా నాలుగణాలు, అంటే పావు, 0.25, 25 శాతం. బారానా ముప్పావు, 75 శాతం. పదహారణాలంటే నూటికి నూరు.

మావాళ్ళు పదేళ్ళలో రెండుసార్లు లెక్క మార్చుకున్నారు. మొదట నిజాం హాలీ సిక్కా పోయింది: ఏడు హాలీ రూపాయలకి ఆరు ఇండియా రూపాయలు. తర్వాత 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలొచ్చాయి.

చారానా సరిగ్గా 25 పైసలైంది. చిక్కంతా అణాతోనే. 100ని 16తో భాగిస్తే 6.25. పావు పైస నాణెం లేదాయె! అందుకే సర్కారు పట్టికలో అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19 అని వేశారు. పదహారణాలు ఒకేసారి మార్చినోడికి 100 పైసలు. రోజుకో అణా మార్చినోడికి 96.

మేం ప్రోగ్రాముల్లో రౌండింగ్ ఎర్రర్ అని తేలిగ్గా వదిలేసేది ఇదే. అది ఎప్పుడూ చిల్లర మనుషుల మీదే పడుతుంది.

2011 జూన్ 30తో చారానా నాణెం చెల్లకుండా పోయింది. సామెత మాత్రం ఇంకా చెల్లుతోంది!