పీటీఎస్‌డీ: మాజీ సైనికులకు గ్రూప్ థెరపీ.. ఆ గదిలో ఏం జరుగుతుంది?

టపాసు పేలితే ఉలిక్కిపడతారు. రాత్రిళ్లు పీడకలలు. జాతరకు, పెళ్లికి పిలిచినా రారు. సర్వీసు ముగించుకుని ఊరొచ్చిన జవాను ఇలా ఉంటే ఇంట్లోవాళ్లు 'మనిషి మారిపోయాడు' అనేస్తారు. నెల దాటినా తగ్గకపోతే అది పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పీటీఎస్‌డీ కావొచ్చు. పిరికితనం మాత్రం కాదు. నిద్ర కోసం మందు తాగడం మొదలుపెడితే చిక్కు ఇంకా పెరుగుతుంది.

వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులు 1970లోనే న్యూయార్క్‌లో గుంపుగా కూర్చుని తమ బాధ చెప్పుకోవడం మొదలుపెట్టారు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం దీనికి జబ్బుగా పేరు పెట్టింది 1980లో.

ఇప్పటి గ్రూపుల్లో సాధారణంగా పది మంది లోపే ఉంటారు. సైకాలజిస్ట్ నడిపిస్తారు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అయితే దాదాపు 12 సిట్టింగులు. 'నా వల్లే తోటి జవాను చనిపోయాడు' లాంటి ఆలోచనను కాగితం మీద రాయిస్తారు. అందులో నిజమెంతో అందరూ కలిసి చూస్తారు. పక్కన కూర్చున్నవాళ్లదీ అదే కథ అని తెలిశాక సిగ్గు తగ్గుతుంది. భయంతో మానేసిన సంత, బస్సు ప్రయాణం లాంటివి మెల్లగా మళ్లీ అలవాటు చేయించే పద్ధతులూ ఉన్నాయి.

అలాగని గ్రూపే బెస్ట్ అనుకోవద్దు. అమెరికా సైనికులపై 2017లో వచ్చిన అధ్యయనంలో గ్రూపుతో మేలు కనిపించినా, విడిగా ఇచ్చిన థెరపీ ఇంకా బాగా పనిచేసింది.

కనగానపల్లి వైపు వాళ్లు ముందుగా టెలీ మానస్ నంబర్ 14416కి కాల్ చేయొచ్చు. 24 గంటలూ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లు చేసినా సరే. పెద్దాసుపత్రి కావాలంటే ధర్మవరంలో రైలెక్కితే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది.