కార్ల రవాణా కిరాయిని తేల్చేది తిరుగు ప్రయాణమే

పెనుకొండ: శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద గల కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. 44వ నంబరు జాతీయ రహదారిపై కార్లను మోసుకెళ్లే భారీ ట్రైలర్లు ఈ ప్రాంతవాసులకు సుపరిచితమే. అప్పుచేసి ఇటువంటి ట్రైలరు కొని ఉపాధి పొందాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసినది కిరాయి నిర్ణయించే పద్ధతి.

ఒప్పందాల తీరు

దేశంలోని కార్ల కంపెనీలు సాధారణంగా రవాణా సంస్థల నుంచి టెండర్లు పిలుస్తాయి. కర్మాగారం నుంచి ఒక్కో పట్టణానికి, ఒక్కో కారుకు ఇంత అని మార్గాల వారీగా ధర ఖరారవుతుంది. ఒప్పందం పొందిన సంస్థ సొంత వాహనాలు చాలనప్పుడు బయటి యజమానుల ట్రైలర్లను కిరాయికి తీసుకుంటుంది. అందువల్ల కంపెనీ చెల్లించే ధర ఒకటి, యజమాని చేతికి అందేది మరొకటి.

బరువు కాదు, చోటే ప్రధానం

సిమెంటు, ధాన్యం వంటి సరుకులకు టన్నుల లెక్కన కిరాయి కడతారు. కార్ల విషయంలో బరువు పరిమితి కంటే ముందే చోటు నిండిపోతుంది. నిబంధనల ప్రకారం ట్రైలరు పొడవు 18.75 మీటర్లు మించరాదు. ఇందులో చిన్న కార్లయితే సుమారు 8 పడతాయి. పెద్దవైతే ఆ సంఖ్య తగ్గుతుంది. ఉదాహరణకు ఒక ట్రిప్పునకు రూ.80 వేలు ఖర్చయిందనుకుంటే, 8 కార్లు ఎక్కించినప్పుడు ఒక్కోదానికి రూ.10 వేలు పడుతుంది. 5 మాత్రమే పడితే అదే ఖర్చు రూ.16 వేలవుతుంది.

ఖాళీగా వస్తే నష్టమే

కార్ల ట్రైలరులో ఇతర సరుకులు వేయడం కుదరదు. తిరుగు ప్రయాణంలోనూ కార్లే దొరకాలి. ఢిల్లీ వైపు వెళ్లిన వాహనానికి హర్యానాలోని కర్మాగారాల నుంచి దక్షిణాదికి లోడు లభించే అవకాశం ఉంది. చెన్నై, పుణె, గుజరాత్ వైపు కూడా కర్మాగారాలున్నాయి. కార్ల తయారీ లేని ప్రాంతాలకు వెళితే ఖాళీగా రావలసిందే. పై ఉదాహరణలో ఖాళీ ప్రయాణానికి మరో రూ.60 వేలు ఖర్చయితే, 8 కార్లు తీసుకెళ్లినా ఒక్కోదానిపై వ్యయం రూ.17,500కు చేరుతుంది. సమాన దూరం గల రెండు పట్టణాలకు కిరాయి వేర్వేరుగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

డీజిల్ భారం

2017 జూన్ 16 నుంచి దేశమంతటా డీజిల్ ధరను రోజువారీగా సవరించే విధానం అమలులోకి వచ్చింది. కిరాయి ఒప్పందం మాత్రం నెలల తరబడి సాగుతుంది. లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున 2 వేల కిలోమీటర్లు వెళ్లిరావడానికి వెయ్యి లీటర్లు కావాలి. ధర రూ.5 పెరిగితే ట్రిప్పునకు రూ.5 వేల భారం. ఒప్పంద తేదీ నాటి డీజిల్ ధరను మూలంగా తీసుకొని, హెచ్చుతగ్గులకు అనుగుణంగా కిరాయి సవరించే షరతు లేకుంటే ఈ భారం యజమానిపైనే పడుతుంది.

గిరాకీ, రైలు పోటీ

దసరా, దీపావళి పండుగలకు ముందు కార్ల తరలింపు పెరిగి వాహనాలకు గిరాకీ ఏర్పడుతుంది. అమ్మకాలు మందగించిన నెలల్లో ట్రైలర్లు నిలిచిపోయినా బ్యాంకు వాయిదా ఆగదు. దూరప్రాంతాలకు రైలు గట్టి పోటీనిస్తోంది. పాత ప్రయాణికుల పెట్టెలను మార్చి రూపొందించిన ఎన్‌ఎంజీ వ్యాగన్లు 25 ఉన్న ఒక రైలు సుమారు 125 కార్లను తీసుకెళ్లగలదు. అయితే స్టేషను నుంచి షోరూము వరకు మళ్లీ రోడ్డు వాహనమే దిక్కు.

సంతకానికి ముందు

ఒప్పందంపై సంతకం చేసే ముందు యజమానులు ఐదు అంశాలు సరిచూసుకోవాలి. డీజిల్ మూలధర ఎంత? ఖాళీ ప్రయాణానికి ఏమైనా ఇస్తారా? లోడింగు, అన్‌లోడింగు వద్ద ఆలస్యమైతే హాల్టింగు చార్జీ ఎంత? కారుకు గీత పడితే కోత ఎవరి ఖాతాలో? బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు? వీటికి కాగితంపై సమాధానం లేనప్పుడు ఒక్కో కారుకు ఎక్కువగా కనిపించే కిరాయి కూడా చివరకు నష్టాన్నే మిగల్చవచ్చు.