దిగి చూసేదెవరు?

పొద్దున్నే పిల్లలకు జడలేసి, టిఫిను డబ్బా చేతికిచ్చి, బడి బస్సెక్కించి లోపలికి వచ్చాక గానీ మనకు గుక్కెడు టీ తాగే తీరిక దొరకదు. ఆ వేళకు బస్సు ఏ దారిన పోతోందో, ఆ దారిలో ఏముందో మనలో ఎంతమందికి తెలుసు? నిజం చెప్పొద్దూ, మొన్నమొన్నటి దాకా నాకూ తెలియదు.

2022 జులై 8, శుక్రవారం. మా పాలమూరులో బాగా వానలు పడుతున్న రోజులు. మాచన్‌పల్లి, సిగుర్‌గడ్డ తండా మధ్య రైలుపట్టాల కింది దారిలో ఒక ప్రైవేటు బడి బస్సు నీళ్ళలో చిక్కుకుంది. లోపల పాతిక మంది దాకా పిల్లలు. నీళ్ళు ఎంత లోతున్నాయో తెలుసుకోకుండానే బస్సును అందులోకి దింపారు. సగం బస్సు మునిగింది. అరుపులు విని చుట్టుపక్కల జనం పరుగెత్తుకొచ్చి, నీళ్ళలో దిగి పిల్లల్ని ఒక్కొక్కరినే బయటికి చేర్చారు. అందరూ క్షేమం. ఆ సాయంత్రం టీవీలో చూసి ‘అమ్మయ్య’ అనుకున్నాం, మరునాటికి మరిచిపోయాం.

ఇలాంటి అండర్ బ్రిడ్జీలు మన పల్లెల దగ్గర ఇన్ని రావడం వెనక ఒక కథ ఉంది. పాలమూరు మీదుగా కర్నూలు వైపు పోయే లైనుందా, నల్లగొండ మీదుగా నడికుడికి పోయే లైనుందా, మన రెండు జిల్లాల్లోనూ పట్టాలు దాటకుండా బడికి పోలేని పిల్లలు ఎందరో. ఒకప్పుడు చాలా చోట్ల ఆ దాటే దగ్గర గేటూ ఉండేది కాదు, గేటు వేసే మనిషీ ఉండేవాడు కాదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర అలాంటి కాపలా లేని చోటే బడి బస్సు పట్టాలెక్కింది. అప్పుడే నాందేడ్ నుంచి సికింద్రాబాదు పోయే ప్యాసింజరు వచ్చి గుద్దింది. పదిహేను మందికి పైగా పసివాళ్ళు పోయారు. కొన్ని ఇళ్ళల్లో తోబుట్టువులిద్దరూ పోయారు. ఆ రోజు పుస్తకాల సంచులు పట్టాల పక్కన చెల్లాచెదురుగా పడి ఉన్న ఫోటో పేపర్లో చూసిన తల్లి ఎవరూ మరచిపోలేదు.

నన్ను ఇంకా బాధించిన సంగతి ఒకటుంది. ఆ ప్రమాదానికి 26 ఏళ్ళ ముందే, 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షనులో స్పష్టంగా రాసి ఉంది. కాపలా లేని పట్టాల దగ్గర డ్రైవరు బండి ఆపాలి. కండక్టరో క్లీనరో దిగి, పట్టాల దాకా నడిచి వెళ్ళి, రెండు వైపులా రైలు రావడం లేదని చూసుకుని, బండిని దగ్గరుండి దాటించాలి. తోడు మనిషి లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. ఇంతకంటే ఎవరైనా ఏం రాస్తారు చెప్పండి! చట్టంలో అక్షరం లోటు లేదు. దిగిన మనిషే లేడు.

ఆ తరవాత పనులు వేగంగా సాగాయి. 2019 జనవరి ఆఖరుకు దేశమంతటా బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లనేవి లేకుండా చేశారు. కొన్నింటికి మనిషిని పెట్టారు, కొన్నింటిని మూసేశారు, చాలా చోట్ల కింద నుంచి దారి తవ్వారు. రైలు భయం పోయింది. కానీ పల్లం చూసుకుని నీళ్ళు చేరతాయి కదండీ! వానాకాలం వచ్చిందంటే ఆ దారే మడుగవుతుంది.

మాసాయిపేటకు పదేళ్ళ ముందు మాట కుంభకోణం. 2004 జులై 16న తమిళనాడులోని ఆ ఊళ్ళో మధ్యాహ్న భోజనం వండే వంటింట్లో నిప్పు లేచి, మేడ మీద చిన్న పిల్లలు చదువుకునే తాటాకుల పాకకు అంటుకుంది. 94 మంది పిల్లలు కాలిపోయారు. దిగడానికి ఉన్నది ఒక ఇరుకు మెట్లదారి. 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ప్రతి బడిలో మంటలార్పే సాధనాలుండాలనీ, వాటిని వాడటం అయ్యవార్లకు, సిబ్బందికి నేర్పాలనీ ఆదేశించింది. అసలు నేరస్థులకు శిక్ష పడింది 2014 జులై 30న. అంటే మాసాయిపేట జరిగిన ఆరో రోజున! పాత పిల్లలకు న్యాయం చెప్పేసరికి కొత్త పిల్లలు పోయారు.

మనవాళ్ళకు ముందుచూపు లేదని మాత్రం అనకండి. మార్చి సగంలోనే ఒంటిపూట బడులు పెట్టడం లేదూ? పాలమూరు ఎండలో పిల్లలు సొమ్మసిల్లక ముందే మేలుకునే ఏర్పాటు అది. ఎవరూ దాన్ని పెద్ద పేరు పెట్టి పిలవరు, అయినా ఏటా అమలవుతుంది. ఎండ అందరికీ తగులుతుంది కాబట్టి కాబోలు.

2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడులకు మార్గదర్శకాలిచ్చింది. ప్రతి బడికీ ఆపద వేళ ఎవరేం చేయాలో రాసిన ప్రణాళిక ఉండాలి, ఏ ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో వెదకాలి, మాక్ డ్రిల్లు చేయాలి. అది చదివి మా చిన్నవాడి బడిలో తల్లిదండ్రుల సమావేశం రోజున లేచి అడిగాను. హెడ్మాస్టరుగారు ఫైలు తెప్పించారు. అందులో నిప్పు గురించి ఉంది, భూకంపం గురించి ఉంది. రోజూ బస్సు దిగి ఎక్కే అండర్ బ్రిడ్జి గురించి ఒక్క ముక్క లేదు. ‘మీరే చెప్పండమ్మా, ఏం రాయమంటారు?’ అన్నారాయన. నా పక్కన కూర్చున్నావిడ, నాకంటే తక్కువ చదువుకున్నది, వెంటనే అందుకుంది. ‘రాసేదేముంది సార్, ఒక కట్టె ఇచ్చి క్లీనరును ముందు నడవమనండి.’

ఇప్పుడు ఆ బస్సులో ఒక వెదురు కర్ర ఉంటుంది. అడుగెత్తున ఎర్రరంగు గీత గీశారు. వాన పడిన రోజు క్లీనరు కుర్రాడు దిగి నీళ్ళలో కర్ర పెట్టి చూస్తాడు. గీత మునిగితే బస్సు వెనక్కి తిరిగి ఊరి చుట్టూ పోతుంది. పిల్లలు అరగంట ఆలస్యంగా బడికి చేరతారు.