నల్లమల కొండలు: తొలి యాత్రికుల రాతలు

నల్లమల కొండలను స్వయంగా చూసి రాసిన తొలి వచన రచనల్లో ముఖ్యమైనవి మద్రాసుతో ముడిపడినవే. శ్రీశైలం, అహోబిలం ఈ కొండల్లోనే ఉన్నందువల్ల భక్తుల రాకపోకలు మాత్రం చాలా పాతవి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణాన్ని శ్రీశైలానికే కేటాయించాడు. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి రెండు క్షేత్రాలకూ మెట్లు కట్టించాడు. కానీ ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ ఎక్కుడు కష్టం అన్నవి కావ్యాలకు పట్టే సంగతులు కావు.

ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో ఇంజనీరైన కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం వెళ్లాడు. అతని దినచర్యలోని ఆ భాగం 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్ అయిదో సంపుటంలో అచ్చయింది. మల్లికార్జునుడి గుడి ప్రాకారం మీద వరుసగా చెక్కిన శిల్పాలను అందులో అతను శ్రద్ధగా వర్ణించాడు. కావలి బొర్రయ్య వంటి తెలుగు సహాయకులు అతని కొలువులో చేరింది ఆ తర్వాతే.

తెలుగులో ఇలాంటి దారి వివరాల లోటు తీర్చినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరాడు. వెళ్లేటప్పుడే తిరుపతి, కడప, అహోబిలం మీదుగా వచ్చి ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలోకి దిగాడు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొల్లం దాటి శ్రీశైలం చేరే పాత కాలిబాట అది. పల్లకీ బోయీలను వెంటబెట్టుకుని అడవి దాటడం తేలిక కాదు. ఆయన చూపు కోర్టు ఉద్యోగి చూపు: ఊళ్లో అంగళ్లున్నాయా, నీటి వసతి ఎలా ఉంది, బసకు చోటుందా అన్నవి మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. దారి కాచే చెంచుల గురించి, శ్రీశైలంలో కందనూరు (కర్నూలు) నవాబు యాత్రికుల దగ్గర వసూలు చేసుకునే పన్ను గురించి కూడా రాశాడు. భక్తి ఆయన కళ్లు మూయలేదు. ఈ గ్రంథానికి విలువ తెచ్చింది అదే. భాష కూడా గ్రాంథికం కాదు, ఆనాటి మద్రాసు తెలుగువారి వాడుక మాట.

ఆ రోజుల్లోనే దొరలు నీలగిరుల చల్లదనాన్ని పొగుడుతూ రాశారు. 1819లో జాన్ సల్లివన్ అక్కడికి వెళ్లాక ఉదకమండలం వేసవి విడిది అయింది. మన్యపు జ్వరాలకు పేరుపడ్డ నల్లమలకు ఆ యోగం పట్టలేదు. ఇక్కడికి వచ్చినవారిలో మద్రాసు సైన్యాధికారి న్యూబోల్డ్ 1840లలో చెంచుల జీవితం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. అప్పటికే, 1839లో, కర్నూలు నవాబు రాజ్యాన్ని కంపెనీ కలిపేసుకుంది.

వీరాస్వామయ్య ప్రయాణంలో ఉండగానే తన యాత్ర సంగతులను తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపేవాడు. 1836లో ఆయన మరణించాక, 1838లో పిళ్లె వాటిని కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు వివరమైన పీఠికతో, వివరణలతో దాన్ని తిరిగి వెలువరించారు. నల్లమల పాత దారులు తెలుసుకోదలచినవారు మొదట చదవవలసింది ఆ ముద్రణే.