లెక్కకెక్కని లాలన

భారతదేశ శ్రమ చరిత్రలో నాగలికి, మగ్గానికి, గనికి, రైలు మార్గానికి తగిన స్థానమే లభించింది. నాట్లకు వెళ్ళిన తల్లి పొద్దువాలి ఇల్లు చేరేవరకు ఆమె బిడ్డను ఎవరు చూశారన్న ప్రశ్నకు మాత్రం ఆ చరిత్రలో సమాధానం అరుదు. చూసినది అమ్మమ్మో, నాయనమ్మో, పొలానికి పోలేని పొరుగింటి ముసలమ్మో. చాలా ఇళ్ళలో ఏడెనిమిదేళ్ళ అక్క. గట్టు మీది చెట్టుకొమ్మకు పాత చీరతో కట్టిన ఉయ్యాలను ఊపినది తరచుగా ఆ చిన్న చేయే. ఈ పనికి కూలి లేదు. ఈరోజు నీ బిడ్డను నేను చూస్తే రేపు నా బిడ్డను నీవు చూస్తావన్న నమ్మకమే దానికి మూలధనం. ఆ నమ్మకం గొప్పదే. కాని దాని భారమంతా స్త్రీలే మోశారనీ, దాని మూల్యాన్ని ఎందరో బాలికలు తమ చదువుతో చెల్లించారనీ గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

ఈ సంగతిని ముందుగా ఆచరణలో పట్టించుకొన్నవారిలో తారాబాయి మోడక్ ఒకరు. 1945లో ఆమె నాటి ఠాణే జిల్లాలోని బోర్డీ గ్రామంలో గ్రామ బాల శిక్షా కేంద్రాన్ని ప్రారంభించారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడుగా నిలిచారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వారి ముంగిటికి వెళ్ళాలన్నది వారి పద్ధతి. అంగన్‌వాడీ భావనకు బీజం ఆ ముంగిటి బడులలో ఉంది. 1957లో కేంద్రం కోస్‌బాడ్ కొండకు మారిన తరువాత వార్లీ ఆదివాసుల పిల్లలకోసం శిశు సంరక్షణ, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకేచోట నడిచాయి. చంకన తమ్ముణ్ణి ఎత్తుకొని వచ్చిన అక్కకు కూడా అక్కడ పలక దొరికింది.

చట్టం వేరొక దారిన నడిచింది. యాభైమందికి పైగా స్త్రీలు పనిచేసే కర్మాగారాలలో శిశు సంరక్షణ గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. 1976లో ఆ సంఖ్య ముప్పైకి తగ్గింది. తోటలకు 1951లోను, బీడీ పరిశ్రమకు 1966లోను ఇటువంటి నిబంధనలే వచ్చాయి. అయితే ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టిన తెలంగాణ స్త్రీకి ఆ గది అందలేదు. పొలం కూలికీ అందలేదు. పైగా స్త్రీల సంఖ్యనే కొలతగా పెట్టడంతో, బిడ్డ బాధ్యత తల్లి ఒక్కతెదేనన్న భావన చట్టంలోనే స్థిరపడింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ స్త్రీపురుష భేదం లేకుండా ఉద్యోగులందరినీ లెక్కలోకి తీసుకొంది.

రాజమండ్రిలో జన్మించి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ సహాయం అందించే ఈ ఏర్పాటు వెనుక జాతీయోద్యమం పెంచిన సేవాదృష్టి ఉంది. 1969లో గాంధీ శతజయంతి సందర్భంగా ఢిల్లీలో ప్రదర్శనశాల నిర్మాణం జరుగుతుండగా, అక్కడి కూలీల బిడ్డలకోసం మీరా మహదేవన్ ప్రారంభించిన మొబైల్ క్రెషెస్ సంస్థ కూడా ఆ వారసత్వానికి చెందినదే.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరంభమైంది. ఊరి స్త్రీనే కార్యకర్తగా ఎన్నుకోవడం దాని బలం. కాని ఆమెకు ఇచ్చిన మొత్తానికి జీతమన్న పేరు పెట్టలేదు, గౌరవ వేతనమన్నారు. ఒకనాడు ఇరుగుపొరుగు ఉచితంగా చేసిన పని గనుక, దానికి పూర్తి వెల కట్టనక్కరలేదన్న పాత ఆలోచన ఈ రెండు మాటలలో దాగి ఉంది. తూకం వేయడం, వండి వడ్డించడం, టీకాలకు పిల్లలను సమీకరించడం, రికార్డులు రాయడం వంటి పనులు పెరిగినా పేరు మారలేదు. 2018 అక్టోబరు నుంచి కార్యకర్తకు కేంద్రం నిర్ణయించిన మొత్తం నెలకు 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250 రూపాయలు; కొన్ని రాష్ట్రాలు దీనికి తమ వంతు కలిపాయి.

ఈ దృష్టిని సవరించిన రెండు ఘట్టాలు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి ఉంటే వారిని చూసేందుకు ఒక స్త్రీని నియమించి, ఆమెకూ కూలి చెల్లించాలన్నది. మట్టి తవ్వినవారికీ పిల్లలను చూసినవారికీ ఒకే రకపు లెక్క! 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీకి అర్హులని తీర్పునిస్తూ, వారి గౌరవ వేతనం ఆ చట్టం దృష్టిలో వేతనమేనని స్పష్టం చేసింది.

ఇంటిలోపలి లెక్క మాత్రం ఇంకా మిగిలింది. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, కుటుంబ సభ్యుల సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు వెచ్చించారు. ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని జనాభా లెక్కలు పని చేయనివారి జాబితాలో చేర్చిన దేశంలో, ఆ నిమిషాలు అంకెలుగా నమోదు కావడమే ఒక ముందడుగు. ఇరుగుపొరుగు ఆత్మీయతకు వెల కట్టమని ఎవరూ అడగరు. ఆ ఆత్మీయతను సాకుగా చూపి, బిడ్డలను సాకే శ్రమకు దక్కవలసిన ప్రతిఫలాన్ని తగ్గించరాదన్నదే ఈ చరిత్ర చెప్పే పాఠం.