పట్టాకు తగ్గ బొంత



దుక్కులు అయిపోయినయి. పత్తి గింజ పెట్టాలంటే ఇంకా వాన పడాలె. ఈ తీరికలో ఒక ముచ్చట రాస్తున్న. పోస్టు పొడుగే, వీలైనప్పుడు చదవండి. ముచ్చట బొంత గురించి. నవ్వకండి. పత్తి పండించే మనం తెలుసుకోవాల్సిన చరిత్ర ఇందులో చాలా ఉంది.

మే నెల వచ్చిందంటే అమెరికాలో చదువుకునే మన పిల్లల ఫొటోలు ఊరి గ్రూపుల నిండా వస్తయి. ఒంటి మీద నల్ల గౌను, నెత్తి మీద పలక లాంటి టోపీ, చేతిలో పట్టా. మనం చూసి సంతోషపడతం, పూల బొమ్మ పెట్టి ఊరుకుంటం. అక్కడి ఇళ్లల్లో మాత్రం ఆ పండుగకు ఒక కానుక ఇచ్చే అలవాటు చాలామందికి ఉంది. అది చేత్తో కుట్టిన బొంత. వాళ్లు క్విల్ట్ అంటరు. పిల్ల చిన్నప్పటి నుంచి బడిలో, ఆటల పోటీల్లో వేసుకున్న టీషర్టులు కత్తిరించి, చదరాలు చేసి, ఒకదానికొకటి అతికి, మధ్యలో దూది పొర పెట్టి, అడుగున ఇంకో గుడ్డ వేసి కుడతరు. పట్టా అందుకున్న రోజు తల్లో, నాయనమ్మో దాన్ని పిల్ల చేతిలో పెడతది.

డబ్బున్న దేశంలో పాత గుడ్డల బొంత ఎందుకు ఇస్తరు? దీనికి జవాబు రెండు వందల ఏండ్ల ఎవుసం చరిత్రలో ఉంది.

1840ల నాటికే అక్కడ పేర్లు రాసిన బొంతలు కుట్టేవాళ్లు. అప్పట్లో కుటుంబాలు ఊరు విడిచి, బండ్లు కట్టుకొని, పడమటి దిక్కున కొత్త భూములు వెతుక్కుంటూ పోయేవి. పోయేవాళ్ల కోసం చుట్టుపక్కల ఆడవాళ్లు తలా ఒక ముక్క కుట్టి, దాని మీద చెరగని సిరాతో పేరు రాసి, అన్నీ కలిపి ఒకే బొంతగా ఇచ్చేవాళ్లు. ఫోను లేని కాలం, మళ్లీ కలుస్తమో లేదో తెలియని కాలం. ఇయ్యాల చదువు ముగించి ఇల్లు విడిచే పిల్లకు ఇచ్చే బొంతకు ఆ పాత బొంత అక్క వరస.

ఆ తర్వాత సంచుల కాలం వచ్చింది. 1920ల నుంచి 1940ల దాకా అక్కడ పిండి, కోళ్ల దాణా, పశువుల దాణా నూలు సంచుల్లో వచ్చేవి. రైతుల ఇండ్లల్లో ఆడవాళ్లు ఆ సంచులు విప్పి గౌన్లు, బొంతలు కుట్టుకునేవాళ్లు. అది చూసిన కంపెనీలు సంచుల మీద పువ్వులు, తీగెలు అచ్చు వేయడం మొదలుపెట్టినయి. గౌనుకు ఇంకో సంచి తక్కువైతే అదే పువ్వు సంచి తెమ్మని మొగాయనను దుకాణానికి తోలేవాళ్లు. యూరియా సంచులు విప్పి, కలిపి కుట్టి, వడ్లు ఆరబోసే పట్టలు చేసుకునే మనకు ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు అసలు ఊరి దగ్గరికి వస్త. అమెరికాలో దక్షిణాన అలబామా రాష్ట్రం, విల్కాక్స్ కౌంటీ. అక్కడ నది ఒక పెద్ద వంపు తిరుగుతది. మూడు దిక్కులా నీళ్లే. ఆ వంపులో ఉన్న ఊరు జీస్ బెండ్. 1816లో జోసెఫ్ గీ అనే భూస్వామి నల్లజాతి బానిసలను తీసుకొచ్చి అక్కడ పత్తి వేయించిండు. ఊరికి అతని పేరే. 1845లో ఆ భూమి పెట్‌వే అనే ఇంకో ఆసామి చేతికి పోయింది. ఆ ఊళ్లో ఇప్పటికీ చాలామంది ఇంటిపేరు పెట్‌వేనే. బానిసల మీద యజమాని పేరు అట్లా మిగిలిపోయింది.

1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. మిల్లుల కన్ను మన దేశం మీద పడింది. దక్కన్‌లో రైతులు పత్తి వైపు మళ్లిండ్రు, షావుకార్లు ధారాళంగా అప్పులిచ్చిండ్రు. 1865లో యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ వచ్చింది, ఇక్కడ ధర పడింది, అప్పు మాత్రం పడలేదు. 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల మీద తిరగబడి అప్పు పత్రాలు తగలబెట్టిండ్రు. అదే యుద్ధం వల్ల జీస్ బెండ్ బానిసలకు విడుదల దొరికింది. కానీ భూమి దొరకలేదు. అదే భూస్వామి చేలల్లో కౌలుకు, పాలుకు చేసిండ్రు. వాళ్ల కష్టం, మన కష్టం ఒకే పత్తి మూటలో ఉన్నయి.

1919లో అక్కడ పౌను పత్తికి 35 సెంట్ల దాకా ధర ఉండేది. 1931, 1932 నాటికి 6 సెంట్ల దగ్గరికి దిగింది. జీస్ బెండ్ వాళ్లకు అప్పుకు సరుకులిచ్చే షావుకారు ఒకాయన ఉండేవాడు. 1932లో ఆయన చనిపోయిండు. బాకీలన్నీ వెంటనే కట్టమని ఆయన కుటుంబం మనుషులను పంపింది. సుమారు 60 కుటుంబాల ఇండ్ల నుంచి పశువులు, పనిముట్లు, దాచుకున్న తిండిగింజలు, విత్తనాలు తోలుకుపోయిండ్రు. ఆ చలికాలం రెడ్ క్రాస్ ఇచ్చిన తిండితో బతికిండ్రు. కప్పుకోవడానికి ఏమున్నది? చిరిగిన పని చొక్కాలు, మోకాళ్ల దగ్గర అరిగిన పంట్లాలు, పిండి సంచులు. వాటినే అతికి బొంతలు కుట్టిండ్రు. మోకాలి దగ్గర వేసిన అతుకు, జేబు ఊడదీసిన చోట వెలవని రంగు, అన్నీ ఆ బొంతల మీద అట్లనే కనబడతయి.

మిజూరీ పెట్‌వే అనే ఆమె 1942లో ఒక బొంత కుట్టింది. భర్త చనిపోతే, ఆయన చేనులో వేసుకున్న బట్టలతోనే కుట్టింది. ఆయన్ను తలుచుకోవడానికి, ఆయన ప్రేమ కప్పుకోవడానికి అని కూతురికి చెప్పిందట. ఆ బొంత తర్వాత పెద్ద పెద్ద మ్యూజియంలలో గోడకు ఎక్కింది.

మనకు పట్టా అంటే ముందు గుర్తొచ్చేది భూమి పట్టా కదా. జీస్ బెండ్ కథ మలుపు తిరిగింది కూడా దానితోనే. 1930ల చివర ప్రభుత్వం ఆ ఊరి భూమి కొని, ఇండ్లు, బడి కట్టి, 1940లలో తక్కువ వడ్డీ అప్పు మీద ఆ భూమిని దున్నేవాళ్లకే అమ్మింది. బానిసల మనుమలు, ముని మనుమలు భూమి పట్టాదారులయిండ్రు. 1960లలో ఓటు హక్కు ఉద్యమం వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది. కౌంటీలో వేరే ఊళ్లల్లో ఓటరుగా నమోదుకు పోయిన కౌలుదార్లను భూస్వాములు ఇండ్ల నుంచి వెళ్లగొట్టిండ్రు. జీస్ బెండ్ వాళ్లను వెళ్లగొట్టలేకపోయిండ్రు, భూమి వాళ్లది. బదులుగా 1962లో నది దాటించే పడవను ఆపేసిండ్రు. అవతలి ఒడ్డున ఉన్న కౌంటీ కేంద్రం కామ్‌డెన్‌కు పోవాలంటే చుట్టూ తిరిగి గంట ప్రయాణం చేయాల్సి వచ్చింది. ఆ పడవ మళ్లీ నడిచింది 2006లో. 44 ఏండ్లు.

1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని ఒక సహకార సంఘం పెట్టుకున్నరు. ఇంట్లో కుట్టిన బొంతలను న్యూయార్క్‌లో వేలానికి పంపిండ్రు. 1972లో సియర్స్ కంపెనీ దిండు గలీబులు కుట్టే పని ఇచ్చింది. మిగిలిన ముక్కలతో మళ్లీ బొంతలు కుట్టుకున్నరు. ఆ సంఘం భూమి కూడా కొన్నది. ఓటు కోసం పోయి ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు అందులో కొంత అమ్మింది. సూదితో సంపాదించిన పైసలు మళ్లీ భూమి పట్టాగా మారినయి. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన 2002లోనే ఆ ఊరి బొంతలను హ్యూస్టన్‌లో పెద్ద మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టిండ్రు, తర్వాత న్యూయార్క్‌లో పెట్టిండ్రు. 2006లో ప్రభుత్వం 10 బొంతలను తపాలా బిళ్లల మీద అచ్చువేసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, బొంత మన ఇంటిది కూడా.

సంస్కృతంలో కంథ అంటరు. బెంగాలులో కాంతా, బీహారులో సుజని, మరాఠీలో గోధడి, కన్నడంలో కౌది. బెంగాలు ఆడవాళ్లు పాత చీర అంచుల నుంచి దారం లాగి దానితోనే కుట్టేవాళ్లు. సుజని పుట్టిన బిడ్డ కిందికి కుట్టేది. మన బొంత కూడా అంతే, బాలింత మంచం మీద మొదలై ముసలాయన మంచం మీద దాకా నడిచింది. గంతకు తగ్గ బొంత అని సామెత ఉంది కదా. గంత అంటే బరువులు మోసే పశువు వీపు మీద వేసేది. ఇద్దరు సరిపోయిండ్రని ఎగతాళిగా వాడుతం. భాషలో కూడా బొంతను కిందనే కూర్చోబెట్టినం.

మా ఊళ్లో ఎండకాలం, పనులు లేని రోజుల్లో బొంతలు కుట్టేవాళ్లు. నాలుగైదు పాత నూలు చీరలు, పంచెలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా లాగి, మూలల మీద రాళ్లు పెట్టి, పెద్ద సూదితో, లావు దారంతో అంచు నుంచి మొదలుపెట్టేవాళ్లు. సూది పైకి, కిందికి, వరస వెనుక వరస. ఇవ్వాళ మా ఇంట్లో నలుగురు వస్తే, రేపు వాళ్ల ఇంట్లో మా అమ్మ. కూలి లేదు, బదులే.

ఈ ఏడు మా పెద్దబిడ్డ డిగ్రీ పూర్తి చేసింది. మా ఇంట్లో మొదటి పట్టా. ఏం పెడదాం అంటే చుట్టాలు ఫోను అన్నరు, ఉంగరం అన్నరు. మా అమ్మ బొంత కుడత అన్నది. చదువుకున్న పిల్లకు బొంత ఇస్తరా, లేనోళ్ల లెక్క, అని ఒకరిద్దరు మొహం మీదే అన్నరు. అమ్మ ఏమీ అనలేదు. పెట్టె తీసి మా బాపు పంచెలు రెండు, తన ములుగర్ర పట్టిన రోజుల నాటి నూలు చీరలు రెండు, నా పాత చొక్కా ఒకటి పక్కన పెట్టింది. ఆమె కంటికి ఇప్పుడు సూదిలో దారం ఎక్కదు. బిడ్డనే ఎక్కించి ఇస్తది. దారం ఎక్కిస్తూ, ఇది ఏ చీర, ఇది ఎప్పటిది, అని అడుగుతది. ఆ చీర కొన్న ఏడు పత్తి ఎంత పోయిందో, ఫీజుకు ఏది కుదువ పెట్టినమో, నేను ఎన్నడూ చెప్పని లెక్కలన్నీ అమ్మ చెప్తున్నది. బడిలో దొరకని చరిత్ర పాఠం అది.

ఒక్కటి ఆలోచించండి. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో వచ్చింది, ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో. రైతు ఇండ్లల్లోకి, అందులో ఆడపిల్లల చేతికి, పట్టా రావడానికి ఎన్ని తరాలు పట్టింది? అక్షరాభ్యాసం చేస్తం. పంచెల పండుగ, ఓణీల పండుగ చేస్తం. చదువు ముగిసిన రోజుకు మాత్రం మనకంటూ ఒక ఆచారం లేదు. కేకు కోస్తం, ఫ్లెక్సీ కడతం, వానకు అది చినిగిపోతది. పట్టా మీద పిల్ల పేరు, తండ్రి పేరు ఉంటయి. ఆ చదువుకు కలుపు తీసిన తల్లి చేయి, నాయనమ్మ చేయి ఎక్కడ ఉంటయి? బొంత మీద ఉంటయి.

చేయాలనుకునే వాళ్లకు మా అమ్మ చెప్పిన నాలుగు మాటలు. నూలు గుడ్డలే తీసుకోండి, పాలిస్టరు కలిపితే ఒకటి సాగుతది, ఒకటి సాగదు, కుట్టు తెగుతది. మందు కొట్టినప్పుడు వేసుకున్న బట్టలు అసలే వద్దు. కొత్త గుడ్డ ఏదన్నా కలిపితే ముందే తడిపి ఆరేయండి, లేకుంటే మొదటి ఉతుకుకే ముడుచుకుపోతది. ఒంటికి తగిలే పక్కకు బాగా మెత్తబడ్డ చీర వేయండి. దీనికి నేను ఒకటి కలుపుత: ఒక మూలకు కుట్టిన వాళ్ల పేరు, ఏడు సంవత్సరం రంగు దారంతో కుట్టించండి. మన ఆడవాళ్లు పేరు పెట్టకుండానే అన్నీ చేసిపోయిండ్రు.

తొందరెందుకంటే, రెండు సంగతులు. నూలు చీరలు పెట్టెల్లో అయిపోతున్నయి, కట్టేవాళ్లే తక్కువైనరు. బొంత కుట్టు తెలిసిన వాళ్లు మా ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే ఉన్నరు, అందరూ అరవై దాటినోళ్లే. సీసీఐకి పత్తి అమ్ముకొని, దుకాణంలో పాలిస్టరు రగ్గు కొనుక్కొని కప్పుకుంటున్నం. పండించేది మనమే, కప్పుకునేది ఇంకేదో.

మీ వైపు బొంతను ఏమంటరు, ఎట్లా కుడతరు, ఏ పండుగకు ఇస్తరు, కింద రాయండి. ఇంట్లో కుట్టినవి ఉంటే ఫొటో పెట్టండి, కుట్టిన అమ్మ పేరు కూడా రాయండి. మా బొంతలో ఇంకా మూడు మూరల కుట్టు మిగిలింది. వాన పడేలోగా అయిపోవాలని అమ్మ, దారం ఎక్కించే పిల్ల, ఇద్దరూ పట్టుమీద ఉన్నరు.