ఒక కామా, ఒక ఎంటర్, ఒక సున్నా: టెక్స్ట్ ఫైల్ వెనక ఉన్న కథ

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటే. "బ్రో, టెక్స్ట్ ఫైల్ చదివి లైన్ లైన్ విడగొట్టడం మామూలు విషయమే కదా, నాకెందుకు రావట్లేదు?" అని. సమాధానం ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. కానీ ఈ సమాధానం వెనక నూట ముప్ఫై ఏళ్ల కథ ఉంది, అది తెలిస్తే ఆ ఎర్రర్ మెసేజ్‌ని చూసే కళ్లే మారిపోతాయి. అందుకని ఈసారి కోడ్ తక్కువ, కథ ఎక్కువ.

ముందు నా పరువు నేనే తీసుకుంటా.

బీటెక్ థర్డ్ ఇయర్. హాస్టల్ మెస్ డిపాజిట్‌లో మిగిలిన డబ్బు స్టూడెంట్స్‌కి వెనక్కి ఇవ్వాలి. నాలుగు వందలకు పైగా పేర్లు. ఆఫీసులో ఉన్న సార్ ఆ లిస్టు ఒక టెక్స్ట్ ఫైల్‌గా ఇచ్చి, "నీకు కంప్యూటర్ బాగా వచ్చంట కదా, బ్యాంకుకి పంపే లిస్టు చేసిపెట్టు బాబూ" అన్నారు. పేరు, రోల్ నెంబర్, అకౌంట్ నెంబర్, అమౌంట్, మధ్యలో కామాలు. నేను అప్పటికి పైథాన్ రెండు నెలలుగా నేర్చుకుంటున్నా. లైన్ చదువు, కామా దగ్గర స్ప్లిట్ చెయ్యి, నాలుగో ముక్క తీసుకో. ఇరవై లైన్ల ప్రోగ్రామ్. అక్కడక్కడా డబుల్ కోట్స్ కనిపించాయి, చిరాకేసి వాటిని తీసేసే లైన్ ఒకటి రాశా. మొదటి పది పేర్లు చెక్ చేశా, అన్నీ కరెక్ట్. ఇచ్చేశా.

సాయంత్రం నోటీస్ బోర్డు మీద లిస్టు పెట్టారు. ఒక జూనియర్ అమ్మాయి వచ్చి, "అన్నా, నాకు 2 రూపాయలు అని ఉంది" అంది. తనకి రావాల్సింది 2,450. అర్థమైందా ఏం జరిగిందో? వెయ్యి దాటిన అమౌంట్లలో కామా ఉంది. ఆ కామా దగ్గర కూడా నా ప్రోగ్రామ్ కోసేసింది. రెండు వేల నాలుగు వందల యాభై కాస్తా రెండు, నాలుగు వందల యాభై అయింది. నేను మొదటి ముక్క తీసుకున్నా. నేను చెక్ చేసిన మొదటి పది మందీ వెయ్యి లోపు వాళ్లే.

అందరూ నవ్వారు, నేనూ నవ్వా, ఆ రాత్రే సరి చేశా. కానీ ఎవరికీ కనిపించని తప్పు ఇంకోటి ఉండిపోయింది. అకౌంట్ నెంబర్‌ని నేను ఇంటిజర్‌గా మార్చా. నెంబర్ అంటే నెంబరే కదా అనుకున్నా. సున్నాతో మొదలయ్యే అకౌంట్లన్నిటికీ ముందున్న సున్నా ఎగిరిపోయింది. బ్యాంకు వాటిని తిప్పి పంపింది. ఆ సంగతి తెలిసి సరి చేసేసరికి మూడు వారాలు. అదే జూనియర్ ఆ డబ్బుతో ఎగ్జామ్ ఫీజు కట్టుకోవాలనుకుంది. అప్పు చేసి, ఫైన్‌తో కట్టింది. ఫైన్ డబ్బులు తర్వాత నేనిచ్చా అనుకోండి. వాళ్ల నాన్న ఆ మూడు వారాలు ఎవరిని అడిగి డబ్బు తెచ్చారో మాత్రం నేను అడగలేకపోయా.

తప్పు నాదే, డౌట్ లేదు. కానీ తర్వాత నాకు పట్టుకున్న ప్రశ్న వేరు. అమౌంట్‌లోనూ వచ్చే కామానే తీసుకొచ్చి, కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య గోడగా పెట్టాలన్న ఐడియా ఎవరిది?

వెనక్కి వెళ్దాం. 1890, అమెరికా జనాభా లెక్కలు. హెర్మన్ హోలెరిత్ అనే ఇంజనీర్ అట్టముక్కలకు రంధ్రాలు పెట్టి, వాటిని మెషిన్‌తో లెక్కించే పద్ధతి తెచ్చాడు. అక్కడ కామా లేదు, ఏమీ లేదు. రంధ్రం ఏ చోట ఉందన్నదే అర్థం. 1928లో ఐబీఎం 80 కాలమ్‌ల కార్డు తెచ్చింది. ఒక కార్డు అంటే ఒక లైన్, ఒక కాలమ్ అంటే ఒక అక్షరం. మొదటి ఇరవై కాలమ్‌లు పేరుకి, తర్వాత ఆరు తేదీకి, ఇలా ముందే పంచుకుంటారు. చదవడం చాలా ఈజీ, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా కోసుకోవడమే. ఇబ్బంది ఒక్కటే, చోటు చాలదు. అందుకే సంవత్సరానికి నాలుగు అంకెలు ఎందుకు దండగ, 1965కి బదులు 65 చాలు అనుకున్నారు. ఆ పొదుపే 1999 నాటికి వైటూకే అయి కూర్చుంది. హైదరాబాద్‌లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు చేసి మన బాబాయిల తరంలో చాలామంది అమెరికా ఫ్లైట్ ఎక్కింది ఆ పని మీదే. పాత ఫైళ్లలో రెండు అంకెల సంవత్సరం ఎక్కడుందో వెతికి, నాలుగు అంకెలు చెయ్యడం. మీ ఇంట్లో ఎన్నారై మామయ్య ఉంటే ఒకసారి అడిగి చూడండి, గంట సేపు చెప్తారు.

ఇప్పుడు ఎంటర్ సంగతి. ఇది నాకు ఫేవరెట్.

1963లో రెండు విషయాలు జరిగాయి. ఒకటి, ఆస్కీ స్టాండర్డ్ మొదటిసారి వచ్చింది. ప్రతి అక్షరానికీ ఒక నెంబర్, మొత్తం 128 చోట్లు. రెండోది, టెలిటైప్ మోడల్ 33 అనే మెషిన్ వచ్చింది. టైప్‌రైటర్ లాంటిదే, కానీ వైరు మీద వచ్చిన అక్షరాలను కాగితం మీద సెకనుకి పది చొప్పున కొడుతుంది. లైన్ అయిపోతే దానికి రెండు పనులు ఉంటాయి. అచ్చు కొట్టే భాగం ఎడమ చివరికి రావాలి, దానికి 13వ నెంబర్, పేరు క్యారేజ్ రిటర్న్. కాగితం ఒక లైన్ పైకి జరగాలి, దానికి 10వ నెంబర్, పేరు లైన్ ఫీడ్. రెండు పనులు, రెండు ఆర్డర్లు. పైగా అచ్చు భాగం వెనక్కి రావడానికి టైమ్ పడుతుంది. రెండు నెంబర్లు పంపితే ఆ టైమూ కలిసొస్తుంది.

మెషిన్ పోయింది, నెంబర్లు ఉండిపోయాయి. మల్టిక్స్ వాళ్లు ఫైల్‌లో ఒక్క 10 చాలన్నారు, యూనిక్స్ అదే పట్టుకుంది, ఈ రోజు లైనక్స్‌లోనూ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అదే. సీపీఎం దారిలో వచ్చిన డాస్, విండోస్ రెండూ ఉంచుకున్నాయి, 13 తర్వాత 10. పాత మ్యాక్ వాళ్లు ఒక్క 13 చాలన్నారు, 2001లో ఓఎస్ టెన్ వచ్చాక యూనిక్స్ దారికొచ్చారు. నోట్‌ప్యాడ్ అయితే లైనక్స్ ఫైల్ తెరిస్తే అన్ని లైన్లనూ ఒకే పొడుగు లైన్‌గా చూపించేది. దానికి లైనక్స్ ఎంటర్‌ని అర్థం చేసుకోవడం వచ్చింది ఎప్పుడో తెలుసా? 2018లో. నమ్మండి.

బిగినర్‌కి ఇది ఎక్కడ తగులుతుంది? విండోస్‌లో చేసిన ఫైల్‌ని లైనక్స్ మీద సీ ప్రోగ్రామ్‌తో చదివారనుకోండి. 10 దగ్గర కోస్తారు, 13 మాత్రం చివరి మాటకి అంటుకునే ఉంటుంది. స్క్రీన్ మీద చూస్తే "పాస్" అనే ఉంటుంది. "పాస్"తో పోల్చి చూస్తే కాదంటుంది. రెండూ ఒకేలా ఉన్నాయి, కంప్యూటర్ మాత్రం వేరంటోంది, పిచ్చెక్కుతుంది. పిచ్చి మీది కాదు. మీరు పుట్టకముందే మూలన పడిన మెషిన్‌కి ఇచ్చిన ఆర్డర్ అది. పైథాన్‌లో టెక్స్ట్‌గా తెరిస్తే ఈ మూడు రకాలనూ అదే కలిపేస్తుంది, అందుకే పైథాన్ వాళ్లకు ఈ నొప్పి తక్కువ.

సరే, కామా దగ్గరకొద్దాం. ఇక్కడ నాకు నిజంగా బాధేసే విషయం ఒకటుంది. ఆస్కీలో 28 నుంచి 31 దాకా నాలుగు నెంబర్లున్నాయి. ఫైల్ సెపరేటర్, గ్రూప్ సెపరేటర్, రికార్డ్ సెపరేటర్, యూనిట్ సెపరేటర్. అచ్చంగా ఈ పనికే పెట్టినవి. ఎవరి పేరులోనూ, ఏ అమౌంట్‌లోనూ రావు. ప్రపంచం వీటినే వాడి ఉంటే నా జూనియర్‌కి 2 రూపాయలు వచ్చేవి కావు. కానీ కీబోర్డ్ మీద వాటికి సొంత మీట లేదు, స్క్రీన్ మీద కనిపించవు. మనిషి కంటికి కనిపించేదే గెలిచింది. 1972 నాటికే ఐబీఎం వాళ్ల ఫోర్ట్రాన్ కంపైలర్‌లో కామాలతో విడగొట్టిన డేటాను చదివే సౌకర్యం ఉంది. కార్డు మీద కాలమ్‌లు లెక్కపెట్టుకుంటూ కొట్టే బాధ తప్పింది, జనానికి నచ్చింది, పాకింది. ఎవరికి తోచిన రూల్ వాళ్లు పెట్టుకున్నారు. డెసిమల్ పాయింట్ బదులు కామా రాసే జర్మనీ లాంటి దేశాల్లో సెమీకోలన్‌తో విడగొట్టుకున్నారు. ఈ సీఎస్‌వీ ఫార్మాట్ ఇలా ఉంటుందని ఒక కాగితం మీద రాసింది 2005 అక్టోబర్‌లో, ఆర్ఎఫ్‌సీ 4180. అంటే ముప్ఫై ఏళ్లు వాడాక రూల్స్ రాశారు!

అందులో ఉన్న రూల్ ఇది. విలువ లోపల కామా గానీ, లైన్ బ్రేక్ గానీ ఉంటే మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. లోపల డబుల్ కోటే ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. నేను చిరాకుపడి పీకేసిన ఆ కోట్స్ ఉన్నాయే, అవి ఆ 2,450ని కాపాడటానికి పెట్టినవి. కాపలావాణ్ణి తీసేసి దొంగతనం జరిగిందని ఏడ్చినట్టుంది నా పని. పైథాన్‌లో దీనికోసం సీఎస్‌వీ మాడ్యూల్ 2003 నుంచీ, 2.3 వెర్షన్ నుంచీ ఉంది. నేను దాని పేరు కూడా వినలేదు.

నాలాంటి పిల్లలే ఇలా చేస్తారనుకోకండి. 2020 అక్టోబర్, కరోనా టైమ్, ఇంగ్లండ్. ల్యాబ్‌ల నుంచి టెస్ట్ రిజల్ట్స్ సీఎస్‌వీ ఫైళ్లుగా వచ్చేవి. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాళ్లు వాటిని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కి 65,536 లైన్లే పడతాయి. మిగిలినవి కింద నుంచి రాలిపోయాయి. 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. అంతమందిని కలిసినవాళ్లకు ఫోన్ చేసి జాగ్రత్త చెప్పడం ఆలస్యమైంది. ఫైల్ తప్పు కాదు, ల్యాబ్ తప్పు కాదు. చదివినవాళ్లు ఎన్ని లైన్లు వచ్చాయి, ఎన్ని ఎక్కాయి అని పోల్చుకోలేదు. నేను మొదటి పది చూసి ఆగిపోయినట్టే.

నా సున్నా కథకి కూడా పెద్ద అన్న ఉన్నాడు. మనుషుల జీన్స్‌లో మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్నవి ఉండేవి. ఎక్సెల్ వాటిని తేదీలనుకుని మార్చేసేది. చివరికి 2020లో సైంటిస్టులే లొంగిపోయి ఆ జీన్స్ పేర్లు మార్చుకున్నారు, మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, మనిషి శరీరంలో ఉన్నదాని పేరు మారింది.

ఇక మనది, తెలుగు. మీలో చాలామంది తెలుగు ఫైల్ తెరిస్తే పైన గీత ఉన్న ఇంగ్లీష్ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, అవే మళ్లీ మళ్లీ వరసగా చూసి ఉంటారు. అది వైరస్ కాదు. ఆస్కీ 128 చోట్లలో మనకి ఒక్కటీ లేదు. మన ప్రభుత్వం ఇస్కీ అని ఒక పద్ధతి తెచ్చింది, చాలా భారతీయ లిపులకు ఒకే వరస. యూనికోడ్ వాళ్లు 1988 నాటి ఇస్కీ వరసనే తీసుకున్నారు. అందుకే తెలుగు అ నెంబర్ 3077, హిందీ అ నెంబర్ 2309, తేడా 768. క తీసుకోండి, 3093, 2325. మళ్లీ 768! మీరే పైథాన్‌లో చూసుకోవచ్చు.

కానీ యూనికోడ్ మన కంప్యూటర్లలోకి రావడానికి టైమ్ పట్టింది. ఈలోపు తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు ఎవరి ఫాంట్ వాళ్లు పెట్టుకుని, ముందు మా ఫాంట్ డౌన్‌లోడ్ చేసుకోండి అనేవి. లోపల ఉన్నవి ఇంగ్లీష్ అక్షరాల నెంబర్లు, పైన తెలుగు బొమ్మ. ఫాంట్ తీసేస్తే చెత్త. ఆ రోజుల ఫైళ్లను ఇప్పుడు ప్రోగ్రామ్‌తో చదవాలంటే ప్రతి ఫాంట్‌కీ వేరే డిక్షనరీ రాసుకోవాలి.

1992 సెప్టెంబర్‌లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో డిన్నర్ చేస్తూ, ప్లేటు కింద వేసే కాగితం మీద యూటీఎఫ్-8 డిజైన్ గీశారు. పాత ఆస్కీ ఫైల్ ఒక్క బైట్ కూడా మారకుండా అలాగే పనిచేస్తుంది, మిగతా భాషలు రెండు, మూడు, నాలుగు బైట్లు వాడుకుంటాయి. మనకి మూడు. అ అంటే 224, 176, 133. దీన్ని పాత విండోస్ ఎన్‌కోడింగ్‌లో చదివితే 224 గీత ఉన్న ఎ, 176 డిగ్రీ గుర్తు, 133 మూడు చుక్కలు. మన అక్షరాలన్నీ 224తోనే మొదలవుతాయి కాబట్టి ఆ గీత ఎ గారు ప్రతిసారీ హాజరు. శ్రీ అని రాసి పొడవు అడగండి, పైథాన్ 4 అంటుంది. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. బైట్లు 12. కంటికి ఒక్కటే. పాత రోజుల్లా "పేరుకి ఇరవై అక్షరాలు" అని ఎవరైనా కోస్తే, మన పేరు ఒత్తు మధ్యలో తెగుతుంది.

సరే, డిస్క్రిప్షన్‌లో చిన్న ఫైల్ పెట్టా, అన్నీ కల్పించిన పేర్లే, మూడే లైన్లు. యూటీఎఫ్-8 అని చెప్పి తెరవండి, సీఎస్‌వీ మాడ్యూల్‌తో చదవండి, అకౌంట్ నెంబర్‌ని స్ట్రింగ్‌గానే ఉంచండి, అమౌంట్‌లో కామా తీసి అప్పుడు ఇంటిజర్ చెయ్యండి. అమౌంట్లు 2,450, 1,980, 3,000. టోటల్ 7,430 రావాలి. మీకు 6 వచ్చిందంటే, నా థర్డ్ ఇయర్ ప్రోగ్రామ్‌నే మీరూ రాశారన్నమాట. కామెంట్‌లో పెట్టండి, కలిసి చూద్దాం. బై.